పేరు నిలిచింది, రిఫరెన్సు జారింది: సి.ఆర్. రావు సైటేషన్ల లెక్క

గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు (సి.ఆర్. రావు) 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ప్రచురించిన పేపరుకు ఎన్ని సైటేషన్లు వచ్చాయంటే, అంటే ఎన్ని ఇతర పేపర్లు దాన్ని రిఫరెన్సుగా పేర్కొన్నాయంటే, ఒక్క జవాబు దొరకదు. ఈ లెక్క ఉంచే డేటాబేసుల్లో గూగుల్ స్కాలర్ ఒక అంకె చెబుతుంది, స్కోపస్ ఇంకోటి, వెబ్ ఆఫ్ సైన్స్ మరోటి. ఈ తేడాల వెనక ఏముందో విప్పి చూస్తే, ఒకే శాస్త్రవేత్త పని ఐదారు రంగాల్లోకి వెళ్లినప్పుడు సైటేషన్ల లెక్కను ఎంతవరకు నమ్మవచ్చో తెలుస్తుంది. రావు విషయంలో తేలేది కాస్త తలకిందుల సంగతి. ఒక పద్ధతి పక్క రంగంలో ఎంతగా ఇంకిపోతే, ఆ రంగంవాళ్లు మూల పేపరును పేర్కొనడం అంతగా మానేస్తారు.

రావు 1920లో, అప్పటి బళ్లారి జిల్లా హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. నలభై ఏళ్ల పాటు అక్కడే పనిచేసి, తర్వాత అమెరికాలో పిట్స్‌బర్గ్, పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలలో పనిచేశారు. 2023 ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. 14 పుస్తకాలు, నాలుగు వందలకు పైగా పేపర్లు. పరిమాణంలో ఇది అసాధారణమేమీ కాదు. పేరు దగ్గరగా ఉండే రసాయన శాస్త్రవేత్త సి.ఎన్.ఆర్. రావు ఖాతాలో పదిహేను వందలకు పైగా పేపర్లున్నాయి. ప్రయోగశాల నడిపే రసాయన శాస్త్రానికీ, ఒంటరిగా కూర్చుని రాసే గణాంక శాస్త్రానికీ ప్రచురణ అలవాట్లే వేరు. ఈ ఇద్దరు రావుల అంకెలను పక్కపక్కన పెట్టి ఎవరు గొప్పని అడగడం అర్థం లేని పని, అయినా పత్రికల్లో అది తరచుగా జరుగుతూనే ఉంటుంది.

1945 పేపరు నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే అందులో మూడు వేర్వేరు ఫలితాలున్నాయి. మూడూ మూడు దారుల్లో వెళ్లాయి.

మొదటిది క్రామర్–రావు హద్దు. ఏ నిష్పాక్షిక అంచనా (సగటున అసలు విలువనే ఇచ్చేది) అయినా సరే, దాని వేరియన్స్ (చెదురు కొలత) ఫిషర్ సమాచారం విలోమం కంటే దిగువకు రాదు. తెలియని విలువ గురించి డేటా ఎంత చెబుతుందో కొలిచేది ఫిషర్ సమాచారం. ఉదాహరణకు ఒక పరికరం రీడింగులు నార్మల్ పంపిణీలో ఉండి, వాటి ప్రామాణిక విచలనం 2 యూనిట్లు అనుకుందాం. 100 రీడింగులతో అసలు విలువను అంచనా వేస్తే వేరియన్స్ 4/100, అంటే 0.04 కంటే తగ్గదు. పొరపాటు 0.2 యూనిట్ల కంటే తగ్గించే నిష్పాక్షిక సూత్రం లేదు, ఎంత తెలివైన ప్రోగ్రామ్ రాసినా ఉండదు. రాడార్, సోనార్, వైర్‌లెస్ ఇంజనీర్లకు ఇది రోజువారీ పనిముట్టు. కొత్త అల్గారిదమ్ ప్రతిపాదించే పేపర్లో దాని పొరపాటు గీతనూ, ఈ హద్దు గీతనూ ఒకే గ్రాఫులో గీసి, రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూపడం ఆనవాయితీ. కానీ ఆ పేపర్ల చివర రిఫరెన్సుల్లో 1945 పేపరు అరుదు. స్టీవెన్ కే 1993లో తెచ్చిన అంచనా సిద్ధాంతం పాఠ్యపుస్తకమో, అంతకు ముందు 1968లో వచ్చిన వాన్ ట్రీస్ పుస్తకమో ఉంటుంది. చాలాసార్లు అదీ ఉండదు. ‘క్రామర్–రావు బౌండ్’ అని రాస్తే చాలు, చదివేవాళ్లకు తెలుసు. ఫ్రెంచి పాఠ్యపుస్తకాల్లో ఫ్రెషే, డార్మోవా పేర్లు కూడా చేరి నలుగురి పేర్ల హద్దవుతుంది. ఫ్రెషే 1943లోనే ఈ ఫలితం దగ్గరికి వచ్చాడు కాబట్టి అందులో న్యాయం ఉంది.

రెండోది రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం. ముతక అంచనాను తీసుకుని, డేటాలోని సారమంతా ఉన్న పర్యాప్త గణాంకం ఆధారంగా దాని సగటు కడితే, కొత్త అంచనా పాతదానికంటే అధ్వానం కాదు, సాధారణంగా మెరుగవుతుంది. డేవిడ్ బ్లాక్‌వెల్ 1947లో స్వతంత్రంగా ఇదే చూపాడు. గణాంక శాస్త్రంలో ఇది డిగ్రీ పాఠం. రోబోటిక్స్‌లో మాత్రం దీని పేరు క్రియాపదమైపోయింది. రోబో తానెక్కడుందో తెలుసుకుంటూనే గది మ్యాపు గీసుకునే పద్ధతుల్లో ‘రావు–బ్లాక్‌వెలైజ్డ్ పార్టికల్ ఫిల్టర్’ ఒకటి. అనేక ఊహలను ఒకేసారి పరీక్షిస్తూ వడపోసే పద్ధతే పార్టికల్ ఫిల్టర్. రోబోల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఆర్‌ఓఎస్‌లో చాలాకాలం వాడుకలో ఉన్న జీమ్యాపింగ్ దీని మీదే నడుస్తుంది. దాన్ని వాడిన పేపరు 2007 నాటి జీమ్యాపింగ్ పేపరును సైట్ చేస్తుంది. ఆ పేపరు తనకు ముందరి పార్టికల్ ఫిల్టర్ పేపర్లను సైట్ చేస్తుంది. 1945 అంచెలంచెలుగా వెనక్కి వెళ్లి చివరికి కనబడదు.

మూడోది ఫిషర్ సమాచారాన్ని దూరం కొలిచే మెట్రిక్‌గా (ఫిషర్–రావు మెట్రిక్) వాడటం. పరామితుల ప్రదేశాన్ని ఒక వంపు తలంగా చూసి, రెండు సంభావ్యతా పంపిణీల మధ్య దూరం ఎంతో లెక్కగట్టడం దీనివల్ల సాధ్యమైంది. ఇది దశాబ్దాల పాటు పెద్దగా ఎవరికీ పట్టలేదు. 1980లలో షునిచి అమారి వంటివారు సమాచార జ్యామితిని ఒక శాఖగా నిలబెట్టాక, 1998లో అమారి న్యూరల్ నెట్‌వర్క్‌లకు నేచురల్ గ్రేడియంట్ అనే శిక్షణ పద్ధతి ప్రతిపాదించాక కదలిక వచ్చింది. సైటేషన్లను సంవత్సరాల వారీగా గీసి చూసేవారు దీన్ని ‘నిద్రపోయే సుందరి’ తరహా రేఖ అంటారు. 2004లో ఆంథొనీ వాన్ రాన్ వాడుకలోకి తెచ్చిన పేరది. అయితే రావు పేపరు విషయంలో ఆ ముద్ర సగమే నిజం. మొదటి రెండు ఫలితాలు ఎప్పుడూ మెలకువగానే ఉన్నాయి, నిద్రపోయింది మూడోదే. మూడు ఫలితాల సైటేషన్లూ ఒకే పేపరు ఖాతాలో పడతాయి కాబట్టి ఆ సంగతి గ్రాఫులో కనబడదు. సైట్ చేసిన పేపర్లను తెరిచి, ఏ వాక్యం దగ్గర రావు పేరు వచ్చిందో చూస్తే తప్ప తెలియదు.

ఇక డేటాబేసుల్లో జారిపోయే దారులు చూడాలి. ఆ బులెటిన్ పాత సంపుటాలకు డీఓఐ (పేపరుకు ఇచ్చే శాశ్వత డిజిటల్ గుర్తింపు సంఖ్య) లేదు. 1992లో కోట్జ్, జాన్సన్ సంకలనంలో ఈ పేపరును మళ్లీ అచ్చువేశారు. ఆ పునర్ముద్రణకు డీఓఐ ఉంది. రిఫరెన్సు మేనేజర్ సాఫ్ట్‌వేర్‌లు డీఓఐ ఉన్నదాన్నే ముందు పట్టుకుంటాయి కాబట్టి చాలామంది ‘రావు 1992’ అని సైట్ చేసేస్తారు. ఒకే పేపరు, రెండు సంవత్సరాలు, రెండు ఖాతాలు. చివరి పేజీ కొన్ని చోట్ల 89 అనీ, ఎక్కువ చోట్ల 91 అనీ ఉంటుంది. వెబ్ ఆఫ్ సైన్స్ రిఫరెన్సుల్లో నమోదయ్యేది మొదటి పేజీ కాబట్టి దానివల్ల నష్టం లేదు. సంవత్సరమో సంపుటి సంఖ్యో తప్పు పడితే మాత్రం కొత్త వరుస పుడుతుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు పేరుతో. తెలుగువాళ్ల పేర్లన్నిటికీ ఉన్న చిక్కే ఇది. ఇంటిపేరు కల్యంపూడి. డేటాబేస్ చివరి మాట ‘రావు’నే ఇంటిపేరనుకుంటుంది. 1940లలో ఆయన పేపర్ల మీద ‘సి. రాధాకృష్ణ రావు’ అని ఉండేది. దాన్ని కొందరు ‘రాధాకృష్ణ రావు, సి.’ అని తిప్పారు, కొందరు ‘రావు, సి.ఆర్.’ అని కుదించారు. స్పెల్లింగులో ఒక అక్షరం ఎగిరిపోయిన రూపాలూ ఉన్నాయి. వెబ్ ఆఫ్ సైన్స్‌లో మామూలు సెర్చి ఇలాంటి పాత పేపర్లకు పనికిరాదు. ‘సైటెడ్ రిఫరెన్స్ సెర్చ్’లోకి వెళ్లి, రచయిత పేరుకు ఈ రూపాలన్నీ, జర్నలు పేరుకు దాని కుదింపులన్నీ, సంవత్సరానికి 1944 నుంచి 1946 దాకా, ఆపైన 1992 ఇచ్చి వచ్చిన వరుసలన్నీ టిక్ పెట్టుకుని కలపాలి. అలా కలిపాక, ఒకే పేపరు 1945నూ 1992నూ రెండింటినీ సైట్ చేసి ఉంటే అది ఒకసారే లెక్కకు రావాలి. రెండు వరుసల అంకెలను చేత్తో కూడితే మొత్తం అబద్ధమవుతుంది. సైట్ చేసిన పేపర్ల జాబితాల్లోంచి డూప్లికేట్లు తీసేయాలి.

ఆర్థిక శాస్త్రంలో జరిగింది ఇంకా విచిత్రం. 1948లో కేంబ్రిడ్జ్ ఫిలసాఫికల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో రావు ‘స్కోర్ టెస్టు’ను ప్రతిపాదించారు. దీని సుగుణం ఒక్కటే, కానీ అదే చాలా పెద్దది. సున్నా ప్రతిపాదన (‘ప్రభావమేమీ లేదు’ అన్న ఊహ) కింద మోడల్‌ను ఒక్కసారి అమర్చుకుంటే చాలు, ప్రత్యామ్నాయ మోడల్‌ను అమర్చనక్కర్లేదు. 1959లో సిల్వీ ఇదే పరీక్షను లగ్రాంజ్ గుణకాల దారిలో రాబట్టాడు. ఎకనామెట్రిక్స్ ఆ పేరునే పట్టుకుంది. 1979, 1980లలో బ్రూష్, పేగన్ పేపర్లు వచ్చాక ‘ఎల్‌ఎం (లగ్రాంజ్ మల్టిప్లయర్) టెస్ట్’ అన్న పేరు స్థిరపడిపోయింది. ప్యానెల్ డేటాతో పీహెచ్‌డీ చేసేవారు బ్రూష్–పేగన్‌ను సైట్ చేస్తారు, అది న్యాయమే. కానీ వాళ్ల రాతల్లో చాలాసార్లు రావు పేరు కూడా ఉండదు, రిఫరెన్సు సంగతి సరేసరి. క్రామర్–రావు విషయంలో కనీసం పేరైనా మిగిలింది, ఇక్కడ పేరూ మారిపోయింది.

జన్యుశాస్త్రంలో అదే పరీక్ష మరో వేషంలో కనిపిస్తుంది. జీనోమ్ అంతటా లక్షల స్థానాలను ఒక్కొక్కటిగా పరీక్షించాలంటే ప్రతిదానికీ మోడల్ అమర్చడం కంప్యూటర్‌కు భారం. సున్నా మోడల్‌ను ఒక్కసారి అమర్చి, ప్రతి స్థానానికీ స్కోర్ లెక్కగట్టుకుంటూ పోవడం చౌక. సేజ్, స్కాట్ వంటి ప్యాకేజీలు చేసేది ఇదే. వైద్య పరిశోధనలో బతికిన కాలాన్ని పోల్చే లాగ్‌ర్యాంక్ పరీక్ష కూడా కాక్స్ మోడల్‌లోంచి చూస్తే స్కోర్ టెస్టే. సైటేషన్లు ప్యాకేజీ పేపరుకు వెళతాయి. సాఫ్ట్‌వేర్ మాన్యువల్‌లో ‘దీన్ని వాడితే ఈ పేపరును సైట్ చేయండి’ అని ఉంటుంది మరి.

పరిశ్రమల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1946, 1947 పేపర్లలో రావు కట్టిన ఆర్థోగొనల్ అరేలనే (అన్ని కలయికల్లోంచి కొన్నిటినే సమతూకంగా ఎంచే పట్టికలు) తర్వాత గెనిచి టగుచి ఫ్యాక్టరీలకు పట్టుకెళ్లాడు. నాలుగు అంశాలు, ఒక్కోటి మూడు స్థాయిల్లో ఉంటే అన్ని కలయికలకూ 81 ప్రయోగాలు కావాలి. ఎల్9 పట్టికతో 9 చాలు, కాకపోతే అంశాల మధ్య పరస్పర ప్రభావాలను విడదీయలేం. మన ఇంజనీరింగ్ కాలేజీల మెకానికల్ ఎం.టెక్ థీసిస్‌లలో లేత్ వేగం, ఫీడు, కోత లోతు మార్చి ఉపరితల నునుపు కొలిచే అధ్యాయం తరచుగా ఉంటుంది. ఎల్9 పట్టిక వేస్తారు, టగుచి పేరు రాస్తారు.

దీనికి పూర్తి విరుద్ధంగా నడిచింది జీవావరణ శాస్త్రం. 1982లో థియరెటికల్ పాపులేషన్ బయాలజీలో వైవిధ్యాన్ని కొలిచే పేపరు ఒకటి రాశారు. దానిలోని కొలతను జీవావరణ శాస్త్రవేత్తలు ‘రావు క్యూ’ (క్వాడ్రాటిక్ ఎంట్రపీ) అంటారు. లెక్క ఇలా ఉంటుంది. ఒక గడ్డిమైదానంలో మూడు జాతులు 0.5, 0.3, 0.2 నిష్పత్తుల్లో ఉన్నాయనుకోండి. యాదృచ్ఛికంగా రెండు మొక్కలు తీస్తే అవి వేర్వేరు జాతులయ్యే సంభావ్యత 0.62. ఇది పాత జీని–సింప్సన్ సూచీ. కానీ మొదటి రెండు జాతులూ దాదాపు ఒకేలాంటి గడ్డి, మూడోది పప్పుజాతి మొక్క అయితే ఆ 0.62 మోసం చేస్తుంది. రావు చెప్పింది జతకు జతకూ మధ్య ఉన్న తేడాను కూడా గుణించమని. గడ్డి జాతుల మధ్య తేడా 0.2, వాటికీ పప్పుజాతికీ మధ్య 0.9 అని పెడితే, 0.15ను 0.2తో, 0.10ను 0.9తో, 0.06ను 0.9తో గుణించి కూడి, మొత్తాన్ని రెట్టింపు చేయాలి. వచ్చేది 0.348. తేడాలన్నీ 1 అని పెడితే మళ్లీ 0.62 వస్తుంది. అంటే పాత సూచీ దీనిలో ఒక ప్రత్యేక సందర్భం.

ఈ పేపరు కూడా ఇరవై ఏళ్లు నెమ్మదిగా నడిచింది. 2005లో బొట్టా–డుకాట్ దీన్ని మొక్కల అనేక లక్షణాలకు ఎలా వాడాలో చూపాక, తర్వాత ఆర్ భాషలో ఎఫ్‌డీ ప్యాకేజీ వచ్చాక ఊపందుకుంది. ఇక్కడ మూల పేపరుకే సైటేషన్లు రావడానికి కారణాలు మామూలివే. ఆ పేపరుకు డీఓఐ ఉంది, జర్నలు అన్ని డేటాబేసుల్లోనూ ఉంది, కొలతకు ఒక్కరి పేరే ఉంది, సూచీ వాడితే దాని మూలాన్ని పేర్కొనాలన్న అలవాటు ఆ రంగంలో బలంగా ఉంది. ఇదే రంగంలో 1964 నాటి సాంఖ్య (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ జర్నలు) పేపరుకూ చోటు దక్కింది. ప్రిన్సిపల్ కాంపొనెంట్ల మీద రాసిన ఆ పేపరును రిడండెన్సీ అనాలిసిస్‌కు (ఒక గుంపు కొలతల తేడాలను మరో గుంపు కొలతలతో వివరించే పద్ధతి) మూలంగా పేర్కొంటారు. గొప్ప ఫలితమైన 1948 పేపరు కంటే మోస్తరు ఫలితమైన 1982 పేపరు లెక్కల్లో మెరుగ్గా కనబడే అవకాశం ఇలా వస్తుంది. గణిత శాస్త్ర దృష్టితో చూస్తే రెండింటికీ పోలికే లేదు.

1968లో సి.జి. ఖత్రితో కలిసి సాంఖ్యలో రాసిన పేపరుది ఇంకో తీరు. సంభావ్యతా పంపిణీల లక్షణాల గురించిన పేపరది. ప్రసిద్ధమైంది మాత్రం అందులో సాధనంగా వాడుకున్న మాత్రిక గుణకారం, నిలువు వరుసకు నిలువు వరుస క్రోనెకర్ లబ్ధం (ఒకదానిలోని ప్రతి అంకెనూ రెండోదానిలోని అన్ని అంకెలతో గుణించడం) తీసే పద్ధతి. ఇప్పుడు టెన్సర్ విఘటనలోనూ యాంటెన్నా శ్రేణుల డిజైన్‌లోనూ ఖత్రి–రావు లబ్ధం లేకుండా పేజీ కదలదు. ఆ పేపరు శీర్షికలోని విషయాన్ని పట్టి రంగం నిర్ణయిస్తే సైటేషన్లన్నీ సంభావ్యతా సిద్ధాంతం ఖాతాలో పడతాయి.

అందుకే రంగాల వారీ ప్రభావం చూడాలంటే మూల పేపరు ఏ రంగానిదన్నది పక్కనపెట్టి, సైట్ చేసిన పేపర్ల రంగాలు చూడాలి. వెబ్ ఆఫ్ సైన్స్‌లో సైట్ చేసిన పేపర్ల జాబితా తెరిచి విశ్లేషణ బటన్ నొక్కితే విభాగాల వారీగా విడగొడుతుంది. ఒక జర్నలు రెండు మూడు విభాగాల్లో ఉండవచ్చు కాబట్టి శాతాల మొత్తం వంద దాటుతుంది. దాన్ని వందకు కుదించకుండా అలాగే చూపి, కారణం రాసిపెట్టడం మంచిది.

అంకెలు దొరికాక కూడా రంగాల మధ్య పోలిక అంత సులువు కాదు. గణిత పేపరు చివర ఇరవై రిఫరెన్సులుంటే, జీవావరణ పేపరు చివర ఎనభై ఉండవచ్చు. రెండు చోట్లా ఒక్కో సైటేషన్‌ను ఒకటిగా లెక్కిస్తే జీవావరణానికి ఊరికే బలం వస్తుంది. సైట్ చేసే పేపరులో ఎన్ని రిఫరెన్సులుంటే అంతతో భాగించడం ఒక మందు. అప్పుడు గణిత సైటేషన్ విలువ 0.05, జీవావరణ సైటేషన్ విలువ 0.0125. అదే రంగం, అదే సంవత్సరం, అదే రకం పేపర్ల ప్రపంచ సగటుతో భాగించే ఇంకో పద్ధతి కొత్త పేపర్లకు బాగానే పనిచేస్తుంది. 1945 నాటి పేపరుకు పెట్టుకోవడానికి నమ్మదగిన సగటే ఉండదు.

హెచ్-ఇండెక్స్ ఈ పనికి అసలు పనికిరాదు. 2005లో హిర్ష్ ప్రతిపాదించిన ఈ సూచీలో పేపర్లను సైటేషన్ల క్రమంలో పేర్చి, వరుస సంఖ్య సైటేషన్ల సంఖ్యను దాటకుండా ఎంతవరకు వెళుతుందో చూస్తారు. సైటేషన్లు 90, 40, 12, 7, 5, 3, 1 అయితే హెచ్ విలువ 5. మొదటి పేపరుకు 90 బదులు 9,000 వచ్చినా అదే 5. మూడు రంగాలకు పునాది వేసిన పేపరూ, గట్టెక్కిన మామూలు పేపరూ ఇందులో సమానం. పైగా రావు రచనల్లో వేల సైటేషన్లున్న ‘లీనియర్ స్టాటిస్టికల్ ఇన్ఫరెన్స్’ పేపరు కాదు, పుస్తకం. 1965, 1973 కూర్పులు విడివిడిగా నమోదవుతాయి. గూగుల్ స్కాలర్ వాటిని చాలావరకు కలుపుతుంది, మిగతా డేటాబేసులు పుస్తకాలను సరిగా పట్టుకోవు.

ఏటా మన పత్రికల్లో ‘స్టాన్‌ఫర్డ్ జాబితాలో మన ప్రొఫెసర్లు’ అని వార్తలొస్తాయి కదా, జాన్ ఇయోనిడిస్ బృందం స్కోపస్ డేటాతో తయారుచేసే జాబితా అది. ఆరు సూచికలను కలిపి స్కోర్ కడతారు, సొంత సైటేషన్లు తీసేసిన అంకె కూడా ఇస్తారు, సహ రచయితల సంఖ్యను పట్టించుకుంటారు. ఈ మూడూ మంచివే. కానీ లెక్కకు వచ్చే పేపర్లు 1960 నుంచి, సైటేషన్లు 1996 నుంచి. రావు ప్రధాన పేపర్లలో సగం ఆ గీతకు అవతలే ఉన్నాయి. ఇక ప్రతి శాస్త్రవేత్తనూ ఆయన ఎక్కువగా ప్రచురించిన ఒకే ఉపరంగంలో కూర్చోబెడతారు. ఇటీవలి దశాబ్దాల సైటేషన్లను లెక్కించే జాబితాకు అది తప్పేమీ కాదు. దాన్ని చారిత్రక ప్రాముఖ్యానికి కొలతగా వాడేవాళ్లదే తప్పు.

రిఫరెన్సుల్లో దొరకనిదాన్ని పట్టుకోవడానికి పూర్తి పాఠంలో పేరును వెతకడం మిగిలిన దారి. ‘క్రామర్–రావు’, ‘రావు–బ్లాక్‌వెల్’, ‘ఖత్రి–రావు’, ‘ఫిషర్–రావు’ అన్న మాటలు పాఠంలో ఉండి, రిఫరెన్సుల్లో సి.ఆర్. రావు లేని పేపర్లను విడిగా లెక్కగట్టాలి. ఈ లెక్కను సైటేషన్లతో కూడకూడదు, పక్కన పెట్టి చూడాలి. ‘స్కోర్ టెస్ట్’, ‘ఎల్‌ఎం టెస్ట్’ అన్న మాటలను ఈ వెతుకులాటలో కలిపితే అంకె విపరీతంగా పెరుగుతుంది. అవి ఎంతమేరకు రావు ఖాతాలో వేయాలో తేల్చడం కష్టం కాబట్టి విడిచిపెట్టడమే మేలు.

ఈ వెతుకులాటలో ఉత్త ‘రావు’ అని కొడితే వేరేవాళ్ల పని వచ్చి చేరుతుంది. సర్వేల్లో కై-స్క్వేర్ పరీక్షను సరిదిద్దే రావు–స్కాట్ సవరణ సి.ఆర్. రావుది కాదు, ఏలూరులో పుట్టి కెనడాలో స్థిరపడిన జె.ఎన్.కె. రావుది. ఆరోగ్య సర్వేల పేపర్లలో ఇది చాలా ఎక్కువగా కనిపిస్తుంది. పక్షులు ఏ దిక్కుకు ఎగురుతున్నాయో చూసే పేపర్లలో వచ్చే ‘రావు స్పేసింగ్ టెస్ట్’ జమ్మలమడక శ్రీనివాసరావుది. జీవావరణ జర్నళ్లలో ‘రావు’ అని వెతికితే 1982 నాటి క్యూ సూచీ పేపర్లతో పాటు ఈ పక్షుల పేపర్లూ కలిసిపోయి వస్తాయి. ‘క్వాడ్రాటిక్ ఎంట్రపీ’ అన్న మాట కూడా ఉన్నవాటినే ఉంచుకుని, ‘సర్క్యులర్’, ‘స్పేసింగ్’ ఉన్నవాటిని తీసేయాలి.